పల్లెకు మకాం మారుస్తున్నారా? ఏ ఊరో, ఊళ్లో ఏ చోటో ఇలా చూసుకోండి

హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో పల్లెకు వెళ్లిపోదామనుకునేవాళ్లలో చాలామంది వెతుకులాటను భూమితో మొదలుపెడతారు. ఎకరం ఎంత, తారు రోడ్డుకు ఎంత దూరం, రేపు రేటు పెరుగుతుందా అని అడుగుతారు. కొని వదిలేసేవాళ్లకు ఆ లెక్క సరిపోతుంది. అక్కడే పొద్దున లేచి, అక్కడి నుంచే పిల్లల్ని బడికి పంపి, జ్వరం వచ్చినా అక్కడే పడుకోవాల్సినవాళ్లకు సరిపోదు. వాళ్లకు ముందు ఊరు కుదరాలి. తర్వాత ఊళ్లో చోటు కుదరాలి. కొనడం అన్నిటికన్నా చివర. ఈ వరస తిరగబడితే ఎంత మంచి భూమి కొన్నా కొన్నాళ్లకు గేటుకు తాళం పడుతుంది. అందుకే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెలను దృష్టిలో పెట్టుకుని ఏది ముందు చూడాలో, ఏది తర్వాత చూడాలో చెబుతున్నాను.

1. వెళ్లేది ఎవరెవరో రాసుకోండి

కాగితం తీసుకుని ఇంట్లో ప్రతి మనిషి పేరూ రాయండి. పక్కన ఆ మనిషికి ఏది లేకపోతే కుదరదో అది రాయండి. గుండెకు స్టెంట్ వేయించుకున్న నాన్నగారికి మంచి ఆసుపత్రి. డయాలసిస్ చేయించుకునేవాళ్లు ఉంటే ఆ సెంటర్. ఎనిమిదో తరగతి పిల్లకు బడి. ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్లకు నెట్.

ఈ కాగితంలో ఎక్కువగా మర్చిపోయేది బండి నడపని మనిషిని. చాలా ఇళ్లలో పల్లెకు వెళ్దామన్న ఆలోచన మగవాళ్ల నుంచి వస్తుంది. అక్కడికెళ్లాక ఆయన బండేసుకుని తిరుగుతాడు, ఆవిడ ఇంట్లో ఉండిపోతుంది. కూరగాయలకు, బ్యాంకుకు, పుట్టింటికి వెళ్లడానికి ఎవరో ఒకరు తీసుకెళ్లాలి. నగరంలో ఆటో పిలుచుకుని తన పని తాను చేసుకున్న మనిషికి ఇది చిన్న కష్టం కాదు. బండి నేర్చుకుంటారా, లేక ఆర్టీసీ బస్సు ఉన్న ఊరే చూసుకుంటారా అన్నది ముందే తేల్చుకోండి. ఇల్లు నడిపే మనిషికి ఇష్టం లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.

కాగితం పూర్తయ్యాక ఒక చిన్న పట్టణాన్ని నడిమధ్య పెట్టుకోండి. జనగామ, సిద్దిపేట, జడ్చర్ల, తెనాలి, మదనపల్లె లాంటిది. అక్కడ ఆసుపత్రి, బడి, బ్యాంకు, సంత ఉంటాయి. దాని చుట్టూ మామూలు రోడ్డు మీద అరగంటలో చేరగల ఊళ్లనే చూడండి. కిలోమీటర్లు కాకుండా నిమిషాలు లెక్కపెట్టండి. గుంతల రోడ్డు మీద 12 కిలోమీటర్లు, హైవే మీద 30 కిలోమీటర్లు ఒకే సమయం తినేస్తాయి.

2. సొంతూరా, కొత్త ఊరా

సొంతూళ్లో మీకు పేరుంటుంది. ‘ఫలానా వాళ్ల మనవడు’ అంటే చాలు, కూలీలు దొరుకుతారు, పాలు పోసేవాళ్లు దొరుకుతారు, అర్ధరాత్రి తలుపు తట్టడానికి ఇల్లుంటుంది. ఇది డబ్బుతో రాదు. కానీ అదే ఊళ్లో తాతల నాటి గెట్టు తగాదాలు, పాలివాళ్లతో పంపకం లెక్కలు కూడా మీ కోసం ఎదురుచూస్తుంటాయి. ఇన్నేళ్లు మీ భూమి కౌలుకు చేసుకుంటున్న బాబాయి, మీరు వస్తున్నారంటే మనసులో ఏమనుకుంటాడో ఆలోచించండి. పంపకాలు కాగితం మీద తేలని ఇంట్లోకి కాపురానికి వెళ్లకపోవడం మంచిది. ముందు తేల్చుకోండి, లేదా పక్క మండలంలో చూసుకోండి.

కొత్త ఊళ్లో ఈ చిక్కులు ఉండవు. బదులుగా మీరెవరో ఎవరికీ తెలియదు. అద్దె ఇల్లు అడిగితే చాలా చోట్ల ముందు అడిగేది కులమే. తిప్పి తిప్పి అడుగుతారు, ‘మీ వాళ్లెవరు, ఏ ఊరు, ఇంటిపేరేంటి’ అని. దళిత కుటుంబాలకు, ముస్లింలకు ఇల్లు ఇవ్వననే యజమానులు ఇంకా ఉన్నారు. ఇది అన్యాయం, దీన్ని మెత్తగా చెప్పడం నాకు ఇష్టం లేదు. మీకు ఆ ఇబ్బంది ఎదురయ్యే అవకాశం ఉంటే, ఆ ఊళ్లో ఇప్పటికే ఉంటున్న మీ వర్గం వాళ్లతో, బయటి నుంచి వచ్చి ఉంటున్న టీచర్లతో, బ్యాంకు ఉద్యోగులతో, నర్సమ్మతో ముందే మాట్లాడండి. బావి దగ్గర, గుడి దగ్గర, హోటల్లో ఎలా ఉంటుందో వాళ్లు చెప్పినంత నిజంగా మరెవరూ చెప్పరు. మీకు ఆ ఇబ్బంది లేకపోయినా, ఇది తెలుసుకుని మరీ ఊరు ఎంచుకోండి. మీ పిల్లలు పెరగబోయేది అక్కడే.

3. నీళ్లు చూడకుండా ఏదీ ఒప్పుకోకండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీని మీద పెట్టండి. ఊరు చూడటానికి అందరూ సంక్రాంతికి వెళ్తారు. అప్పుడు చెరువు నిండుగా, పొలం పచ్చగా ఉంటుంది, ఏ ఊరైనా నచ్చుతుంది. మీరు మే నెలలో వెళ్లండి. చేతిపంపు కొట్టి చూడండి. నల్లా ఎన్ని రోజులకోసారి వస్తుందో ఇళ్లలో ఆడవాళ్లను అడగండి. ఊళ్లో ట్యాంకర్ తిరుగుతోందంటే మీకు జవాబు దొరికినట్టే.

తాగే నీళ్లు, వాడుకునే నీళ్లు వేర్వేరుగా చూసుకోవాలి. తెలంగాణలో మిషన్ భగీరథ కింద గోదావరి, కృష్ణ నీళ్లు ఇళ్లకు వస్తాయి. ఆంధ్రలో పంచాయతీ పథకాల నీళ్లు, చాలా ఊళ్లలో ఆర్వో ప్లాంటు క్యాన్లు. పైపు పగిలినా, మోటారు కాలినా కొన్ని రోజులు ఆగిపోతాయి. ఆ రోజుల్లో ఊరు ఏ నీళ్లు తాగుతుందో అడగండి. బోరు నీళ్లే దిక్కయితే వాటిలో ఏముందో తెలుసుకోవాలి.

ఫ్లోరైడ్ గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. ప్రకాశం వైపు దర్శి, పొదిలి ప్రాంతాల్లో ఈ సమస్యను 1937లోనే వైద్యులు నమోదు చేశారు. కనిగిరి వైపు, నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు ఎన్నో కుటుంబాల నడుములు వంచిన నీళ్లివి. నదుల నీళ్లు వచ్చాక పరిస్థితి చాలా మారింది గానీ, నేల లోపల ఉన్నది ఎక్కడికీ పోలేదు. అక్కడ బోరు వేస్తే అదే పైకి వస్తుంది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని భారతీయ ప్రమాణం, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు. నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు. రుచిలో తెలియదు. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో చెప్పే టీడీఎస్ మీటరు చాలామంది దగ్గర ఉంటుంది, అది కూడా ఫ్లోరైడ్‌ను విడిగా చూపించదు. ఊళ్లో పుట్టి పెరిగిన పిల్లల పళ్ల మీద గోధుమ రంగు చారలు ఎక్కువగా కనిపిస్తే అనుమానించండి. శుభ్రమైన సీసాలో బోరు నీళ్లు పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో గానీ మంచి ప్రైవేటు ల్యాబ్‌లో గానీ ఇవ్వండి. ఫ్లోరైడ్, నైట్రేట్, ఉప్పదనం, కాఠిన్యం, ఈ నాలుగూ రాయించండి.

శ్రీకాకుళం ఉద్దానం, అంటే కవిటి, సోంపేట, కంచిలి, పలాస చుట్టుపక్కల, అందంగా ఉండే కొబ్బరి, జీడి తోటల నేల. అక్కడ కిడ్నీ జబ్బు ఎందుకు ఇంతగా ఉందో ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. అక్కడ పుట్టినవాళ్లు తిరిగి వెళ్లాలనుకుంటే అది వేరే సంగతి. ఏ బంధమూ లేనివాళ్లకు మాత్రం నేను ఆ ప్రాంతం సూచించను.

సముద్రానికి దగ్గరైతే ఉప్పు చూసుకోండి. కృష్ణా, గోదావరి డెల్టాల చివరి ఊళ్లలో, భీమవరం వైపు చేపలు, రొయ్యల చెరువులు చుట్టుముట్టిన ఊళ్లలో బోరు నీళ్లు నోట పెట్టలేని చోట్లున్నాయి. ఇంటి స్థలం పక్కన పొలం ఈరోజు వరి అయినా, రేపు చెరువు తవ్వితే మీ బోరు పాడైపోతుంది. ఊళ్లో చెరువుల తవ్వకం ఎటు జరుగుతోందో అడగండి.

రాయలసీమలో, తెలంగాణ మెట్ట ప్రాంతాల్లో బోరు లోతు ముఖ్యం. అనంతపురం వైపు ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. భూమి అమ్మేవాళ్లను బోరు గురించి అడిగితే ‘నాలుగించుల నీళ్లు’ అని చెబుతారు. ఆ ఊరికి మోటార్లు బాగుచేసే మెకానిక్‌ను పట్టుకోండి. ఏ బోరులో మోటారు ఎన్ని అడుగుల్లో ఉంది, పదేళ్ల కింద ఎంత ఉండేది, గత ఎండాకాలం ఎన్ని ఎండిపోయాయి, అన్నీ అతని నోటి మీద ఉంటాయి. ఒక టీ తాగుతూ ఆయనతో గడిపిన అరగంట ఏ రిపోర్టుకూ తీసిపోదు.

4. వాన పడ్డప్పుడు మళ్లీ వెళ్లండి

ఎండాకాలంలో నచ్చిన ఊరికి ఆగస్టు, సెప్టెంబరుల్లో పెద్ద వాన పడ్డ మర్నాడు వెళ్లండి. ఊరి దారిలో వాగు మీద కల్వర్టు ఉందా, నీళ్లు రోడ్డు మీదుగా పోతున్నాయా చూడండి. ‘వాగొస్తే రెండు రోజులు రాకపోకలుండవు’ అని ఊరివాళ్లు మామూలుగా చెప్పేస్తారు. వాళ్లకు అలవాటు. ఇంట్లో గర్భిణి ఉన్నప్పుడు, పెద్దాయనకు ఆయాసం వచ్చినప్పుడు ఆ రెండు రోజులు ఎలా ఉంటాయో మీరు లెక్క వేసుకోవాలి.

చెరువు ఎక్కడుంది, నిండితే మత్తడి ఎటు దూకుతుంది, ఆ నీళ్లు ఏ దారిన పోతాయి అని ముసలివాళ్లను అడగండి. అలుగు అనండి, మత్తడి అనండి, సీమలో మరవ అనండి, ఏ ఊరి మాట ఆ ఊళ్లో వాడండి. చవకగా వస్తోందని చూపించే స్థలాలు కొన్ని చెరువు శిఖంలోనో (చెరువు నిండితే నీళ్లు నిలిచే నేల), పూడ్చేసిన వాగు దారిలోనో ఉంటాయి. నాలుగు కరువేళ్లు చెరువు నిండకపోతే అది చెరువు నేలన్న సంగతే కొత్తవాళ్లకు తెలియదు. ఐదో ఏడు నిండుతుంది.

2023 జులై 27 తెల్లవారుజామున మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని ముంచేసింది. జనం డాబాలు, చెట్లు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు చెయ్యేరు ఒడ్డు ఊళ్లు కొట్టుకుపోయాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. కోనసీమ లంక ఊళ్ల అందం చూసి మనసు పారేసుకునేవాళ్లు, వరద రోజుల్లో అక్కడ పడవే దారి అన్నది కూడా గుర్తుంచుకోవాలి. దివిసీమ, కోనసీమ తీరంలో 1977, 1996 తుఫాన్లను చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ ఎత్తుకు పైన పడుకోవడానికి చోటున్న ఇల్లే చూసుకోండి. పక్కా డాబా, మెట్లు, తుఫాను షెల్టర్ దారి, ఈ మూడూ అక్కడ తప్పనిసరి.

5. ఊరి మధ్య ఉండండి

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగా చెబుతాను. కొత్తగా వెళ్లేవాళ్లు పొలం దగ్గర ఒంటరి ఇల్లు కట్టుకోకూడదు. కనీసం మొదటి రెండు మూడేళ్లు ఊళ్లోనే, నలుగురి మధ్యే ఉండాలి.

చేను దగ్గర ఇల్లంటే రాత్రి కరెంటు పోతే చీకటి. పాము కనిపిస్తే పిలవడానికి పక్కిల్లు లేదు. ఊరెళ్తే ఇల్లు చూసేవాళ్లు లేరు. పనిమనిషి అంత దూరం నడిచి రాదు. వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్ మీద చివరి కనెక్షన్ అయితే సాయంత్రం అందరూ మోటార్లు వేసినప్పుడు మీ ఇంట్లో ఫ్యాన్ తిరగదు. వీటన్నిటికన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఊరికి మీరు ‘ఆ ఫామ్‌హౌస్ వాళ్లు’ అయిపోతారు. ఊళ్లో ఉంటే పొద్దున వాకిలి ఊడ్చేటప్పుడు పలకరింపు, బతుకమ్మ నాడు పిలుపు, పక్కింట్లో పెళ్లికి పని. ఒక ఏడాది తిరిగేసరికి మీ పిల్లల పేర్లు ఊరికి తెలుస్తాయి. రేపు చేను దగ్గర ఇల్లు కట్టుకున్నా ఆ పరిచయమే మిమ్మల్ని కాస్తుంది.

ఊళ్లో కూడా అన్ని చోట్లూ ఒకటి కాదు. బస్టాపు, గుడి మైకు, పాలకేంద్రం, బెల్టు షాపు, ఇవి మీరు చూస్తున్న ఇంటికి ఎంత దూరమో చూడండి. హైవే మీదున్న ఊరైతే రోడ్డుకు ఆనుకుని వద్దు, రెండు వీధులు లోపలికి వెళ్లండి. రోడ్డు వెడల్పులో ముందు వరస ఇళ్లే పోతాయి. కొత్త హైవేలు, తెలంగాణలో ప్రాంతీయ రింగు రోడ్డు లాంటివి సంగారెడ్డి, గజ్వేల్, భువనగిరి, చౌటుప్పల్ వైపు చాలా ఊళ్ల పొలాల్లోంచి పోతున్నాయి. భూసేకరణ నోటిఫికేషన్‌లో ఆ ఊరి సర్వే నంబర్లు ఉన్నాయేమో తహసీల్దారు కార్యాలయంలో అడగండి.

గాలి ఎటు నుంచి వీస్తుందో కూడా చూడండి. కోళ్ల ఫారం కిలోమీటరు దూరంలో ఉన్నా వానాకాలం ఈగలు అన్నం పళ్లెం మీదికి వస్తాయి. రైస్‌మిల్లు ఊక నుసి, క్రషర్ దుమ్ము, ఇటుక బట్టీ పొగ, పురుగుమందు కొట్టే మిర్చి, పత్తి చేలు, వీటిలో ఏది పక్కనున్నా ఆయాసం ఉన్నవాళ్లకు కష్టం. ఆదివారం మధ్యాహ్నం ప్రశాంతంగా ఉన్న ఊరు సోమవారం ఉదయం టిప్పర్ల మోత కావచ్చు. కాబట్టి పనిరోజున వెళ్లండి.

తెలంగాణ పల్లెల్లో తప్పక అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి: కోతులున్నాయా? ఇంటి వెనక నాలుగు కూరగాయలు వేసుకుందామన్న ఆశతోనే చాలామంది పల్లెకు వస్తారు. కోతుల మందలు తిరిగే ఊళ్లో టమాటా చెట్టు మిగలదు, పెంకుటింటి మీద పెంకు మిగలదు, కిటికీ తెరిచి వంట చేయలేరు. కుప్పం, పలమనేరు వైపు, పార్వతీపురం వైపు అయితే ఏనుగుల సంగతి అడగండి.

6. రెండు రాత్రులు అక్కడ నిద్రపోండి

ఊరు దాదాపు ఖాయం అనుకున్నాక, తెలిసినవాళ్ల ఇంట్లోనో పక్క పట్టణంలో లాడ్జి తీసుకునో రాత్రి సంగతులు చూడాలి. ఊళ్లోనే పడుకోగలిగితే మంచిది.

చివరి బస్సు ఎన్నింటికో, రాత్రి ఊళ్లో ఆగి పొద్దున్నే బయల్దేరే నైట్ హాల్ట్ బస్సు ఉందో లేదో చూడండి. నైట్ హాల్ట్ ఉన్న ఊరికి పొద్దున్న పట్టణానికి వెళ్లే దారి ఉన్నట్టే. రాత్రి 9 గంటలకు మీరు ఉండబోయే గదిలో తలుపులేసుకుని వీడియో కాల్ చేయండి. డాబా మీద సిగ్నల్ లెక్కలోకి రాదు. కరెంటు పోయినప్పుడు టవర్ కూడా పోతుందా అని అడగండి, చాలా ఊళ్లలో పోతుంది. ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్లు కనీసం రెండు కంపెనీల సిగ్నల్ ఉన్న ఊరే చూసుకోవాలి. ఫైబర్ లైను ఊరికి వచ్చిందని కాదు, ఆ వీధికి వచ్చిందా, తెగితే ఎన్నాళ్లకు బాగుచేస్తారు అని వాడేవాళ్లను అడగండి.

తర్వాత అదే రాత్రి బండి తీసి ఆసుపత్రి దాకా వెళ్లి రండి. ఎంతసేపు పట్టిందో రాసుకోండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రాత్రి ఎవరుంటారు, పాముకాటు మందు ఎక్కడ దొరుకుతుంది, 108 ఊరికి ఎంతసేపట్లో వస్తుంది అన్నవి ఆశా కార్యకర్తను అడిగితే ఉన్నదున్నట్టు చెబుతుంది. వరి పండే ఊళ్లో కట్లపాము, రక్తపింజర మాట మామూలే. అక్కడివాళ్లు భయపడరు, కానీ ఎటు పరుగెత్తాలో వాళ్లకు తెలుసు. మీకూ తెలియాలి.

బడి గురించి ఒక్క మాట. స్కూలు బస్సు పొద్దున ఎన్నింటికి ఎక్కించుకుని సాయంత్రం ఎన్నింటికి దింపుతుందో ఆ ఊరి పిల్లల్నే అడగండి. రోజుకు మూడు గంటలు బస్సులో గడిచిపోతే పిల్లలకు పల్లె ఎక్కడ మిగిలినట్టు? నడిచి వెళ్లే దూరంలో మంచి టీచర్లున్న ప్రభుత్వ బడి ఉంటే దాన్ని గట్టిగా ఆలోచించండి.

7. ఏడాది అద్దెకు ఉండండి

పల్లెలో ‘టు లెట్’ బోర్డులుండవు. కానీ ప్రతి ఊళ్లో తాళం వేసిన ఇళ్లుంటాయి. యజమానులు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు, తాళంచెవి పక్కింటి పెద్దమ్మ దగ్గర ఉంటుంది. కిరాణా కొట్టులో కూర్చుని ‘ఒక ఏడాది ఉండాలనుకుంటున్నాం పెద్దమ్మా, ఇల్లేదైనా ఉందా’ అని అడగండి. ఎందుకు వస్తున్నారో దాచకుండా చెప్పండి. దాస్తే ఊరు తనకు తోచిన కథ అల్లుకుంటుంది.

అద్దె తక్కువే ఉంటుంది, రిపేర్లు ఎక్కువ ఉంటాయి. బాత్రూం, వైరింగ్, కప్పు ఎవరు బాగుచేయించాలి, ఆ ఖర్చు అద్దెలో మినహాయిస్తారా అన్నది యజమానితో ఫోన్లో మాట్లాడి, 11 నెలల అగ్రిమెంట్ మీద రాసుకోండి. సంక్రాంతికి, దసరాకి, ఊరి జాతరకి వాళ్లొచ్చి దిగుతారా అని ముందే అడగండి. చాలామంది వస్తారు, ఒక గది తమ సామానుకు ఉంచుకుంటారు.

ఈ ఏడాదిలో ఊరి మూడు కాలాలూ మీ మీదుగా పోతాయి. ఎండాకాలం నీళ్లు, వానాకాలం బురద, కోతల కాలం దుమ్ము, కోసిన మడులు కాల్చే పొగ. చావుకు వెళ్తారు, పెళ్లికి వెళ్తారు, సర్పంచ్ ఎన్నికలొస్తే ఊరు రెండుగా చీలడం కూడా చూస్తారు. ఆ ఎన్నికల్లో మీరు ఏ వైపూ మాట్లాడకండి. ఏడాది తర్వాత కూడా మీకూ ఇంట్లోవాళ్లకూ ఉండాలనిపిస్తే అప్పుడు కొనడం గురించి ఆలోచించండి. ఈలోగా ఏ వీధి మంచిది, ఎవరి మాట నమ్మొచ్చు అన్నది మీకే తెలిసిపోతుంది, మధ్యవర్తి అవసరం కూడా తగ్గుతుంది.

8. కొనే ముందు కాగితాలు

ఊళ్లో పాత ఇళ్ల స్థలాలు ఎక్కువగా గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ల కోసం ఉంచిన నేలలో ఉంటాయి. వాటికి పట్టాదారు పాస్‌బుక్ ఉండదు. ఇంటి పన్ను రసీదులు, పంచాయతీ రికార్డు, పాత దస్తావేజులు చూడాలి. 2020లో మొదలైన స్వామిత్వ పథకం కింద డ్రోన్ సర్వే అయిన ఊరైతే ఆస్తి కార్డు ఉందేమో అడగండి.

వ్యవసాయ భూమి అయితే ఆంధ్రలో భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో 1బీ (భూమి ఎవరి పేరున ఉందో), అడంగల్ (సాగు వివరాలు) చూడండి. తెలంగాణలో ధరణి పోర్టల్ స్థానంలో 2025 ఏప్రిల్‌లో వచ్చిన భూ భారతి పోర్టల్ చూడండి. రెండు చోట్లా ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాలు చూపే పత్రం) తీయించండి, సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో లేదని చూసుకోండి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూముల అమ్మకాలపై 1977 నుంచి చట్టం ఉంది. ‘అందరూ కొంటున్నారు, ఏం కాదు’ అన్న మాట నమ్మకండి. తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామా భూమి జోలికీ వెళ్లకండి.

అరకు, చింతపల్లి, మారేడుమిల్లి, ఏటూరునాగారం, ఉట్నూరు లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనేతరులు భూమి కొనడం కుదరదు. అందరూ 1/70 చట్టం అనే నిబంధన అదే. గిరిజనుల పేరుతో కొని నోటరీ రాయించుకోమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అది చట్టానికీ విరుద్ధం, ఆ మనుషులకు చేసే ద్రోహం కూడా.

తెలంగాణలో గుంటల లెక్క: ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. ఆంధ్రలో సెంట్లు: ఎకరానికి 100, సెంటుకు 48.4 గజాలు. గుంటల్లో ముక్కలు చేసి ‘ఫామ్ ప్లాట్’ అని అమ్మే వెంచర్లలో లేఅవుట్ అనుమతి ఉండదు, ఇల్లు కట్టుకోవడానికి అనుమతి రాదు. చుట్టూ నలభై ప్లాట్లుంటే నలభై గేట్లకు తాళాలుంటాయి. అది ఊరు కాదు, అక్కడ కాపురం చేయలేరు.

అమ్మే ఇంట్లో అన్నదమ్ములే కాదు, అక్కచెల్లెళ్లు కూడా సంతకం పెట్టాలి. హిందూ కుటుంబాల్లో ఆడపిల్లలకు సమాన వాటా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985లోనే ఇచ్చారు, దేశమంతటికీ 2005లో వచ్చింది. ‘చెల్లెలు అడగదులెండి’ అంటే ఆ చెల్లెలితో మీరే మాట్లాడండి.

ఆఖరుది దారి. పటంలో బండి బాట ఉందా, లేక ఎవరి గట్టు మీదుగానో ఇన్నాళ్లూ నోటిమాటతో నడుస్తున్నారా? పటంలో లేకపోతే ఆ గట్టు యజమానితో రాతపూర్వకంగా రిజిస్టర్ చేయించాకే ముందుకెళ్లండి. అడ్వాన్సు ఇవ్వడానికి ముందే మండల సర్వేయరుకు దరఖాస్తు పెట్టి కొలిపించండి. కొలిచే రోజున నాలుగు దిక్కుల పక్క పొలాలవాళ్లనూ పిలిచి, వాళ్లు చూస్తుండగా హద్దు రాళ్లు పాతించండి.